పాతకారులకు ఏసీ అమర్చుకొనుట

నారాయణపేట ప్రాంతపు ఎండలెట్టివో మన సభ్యులకు మేము వర్ణించి చెప్పనక్కరలేదు. చైత్రము గడచునప్పటికి ఎఱ్ఱచెలకలు పెనమువలె కాగును. వైశాఖమున మధ్యాహ్నవేళ 40 డిగ్రీలు దాటుట సామాన్యము. అట్టివేళ పెండ్లికి పోవలసివచ్చినను, సుమారు 60 కిలోమీటర్ల దూరముననున్న మహబూబునగరపు దవాఖానకు వృద్ధులను గాని గర్భిణులను గాని తీసికొనిపోవలసివచ్చినను, పాతకారులో కూర్చుండి మరికల్, దేవరకద్ర దాటిపోవుట ఎంతటి యాతనయో అనుభవించినవారికే యెఱుక. అద్దములు దించిన వడగాలి మొగమును కాల్చును, ఎత్తిన ఊపిరాడదు.

క్రొత్తకారు కొనుటకు శక్తి చాలనివారును, తండ్రిగారి కాలపు అంబాసిడరును విడుచుటకు మనసొప్పనివారును "దీనికే ఏసీ పెట్టించుకొనిన నేమి?" అని అడుగుట సహజమే. పెట్టించుకొనవచ్చును. అది అసాధ్యము కాదు, క్రొత్తయు కాదు. అయితే ఏసీ యనునది ఇంజనుమీద మోపెడి బరువు. ఆ బరువును మోయుటకు బండిలో ఎంత సత్తువ మిగిలియున్నదో లెక్కింపక, ముందుగా మిస్త్రీచేతిలో రూకలు పోసినవారు చల్లగాలికి మారుగా రేడియేటరులో ఉడుకునీటిని కొనితెచ్చుకొనుచున్నారు. ఆ లెక్క యెట్లు చూచుకొనవలెనో ఇచట వివరింతుము.

మొదట యంత్రము చేయు పని యేమో తెలిసికొనవలెను. ఏసీ చలిని పుట్టించునని పలువురు తలంతురు. చలి పుట్టింపదగిన వస్తువు కాదు. కారులోపలి వేడిని తోడి వెలుపల పాఱబోయుటయే ఆ యంత్రపు పని. మోటబావిని చూచిన పెద్దలకు ఈ సంగతి సులభముగా బోధపడును. నీరు తనంతట పల్లమునకే పోవును గాని మెరకకు రాదు. బావిలోని నీరు గట్టున పడవలెనన్న ఎద్దులు మోటను లాగవలెను. వేడియు నట్లే. తనంతట అది వేడిచోటినుండి చల్లనిచోటికే పోవును. 26 డిగ్రీలున్న కారులోనుండి 42 డిగ్రీలున్న వెలుపలి గాలిలోనికి వేడి పోవలెనన్న దానిని ఎవరో యొకరు ఎత్తిపోయవలెను. ఆ ఎత్తుపనికి కట్టిన ఎద్దు మన ఇంజనే.

మోటలో తోలుబొక్కెన చేయు పనిని ఇచట ఒక గ్యాసు చేయును. మట్టికుండలోని నీరు చల్లబడుట అందఱు ఎఱిగినదే. కుండగోడలనుండి చెమర్చిన నీరు ఆవిరియై పోవుచు తనతో వేడిని కొనిపోవును. నీటికన్న మిక్కిలి సులువుగా ఆవిరియగు ద్రవమును గొట్టములలో బంధించి, ఆవిరి చేయుచు, మరల ద్రవము చేయుచు త్రిప్పినచో అదియే ఏసీ. నేడు ఈ పనికి ఎక్కువగా వాడుకలోనున్నది ఆర్-134ఏ అను గ్యాసు. బయటి గాలిలో విడిచినచో ఇది సున్నకు దిగువ 26 డిగ్రీలయొద్దనే ఆవిరియగును. కారులో ముందు పలకక్రింద అమర్చు చల్లపెట్టెలో చదరపు అంగుళమునకు 30 పౌండ్ల ఒత్తిడియందు ఉంచినపుడు సున్నకు ఒకటి రెండు డిగ్రీలు ఎగువను మరుగుచు లోపలిగాలి వేడిని త్రాగును. ఇంజనుచే త్రిప్పబడు కంప్రెసరు ఆ ఆవిరిని పీల్చి 220 పౌండ్లవఱకు అదుమును. అట్లు అదిమిన గ్యాసు 58 డిగ్రీల ప్రాంతమునగాని ద్రవముగా మారదు. మన వేసవిగాలి 42 డిగ్రీలు. 58 డిగ్రీల గ్యాసునకు ఆ వేసవిగాలియు చల్లనిదే గావున, రేడియేటరు ముందుంచిన కండెన్సరు జాలెలలో అది తన వేడిని గాలికి విడిచి ద్రవమగును. ఆ ద్రవము సన్నని రంధ్రముగుండ మరల చల్లపెట్టెలోనికి చిమ్మబడును. ఇంతియే దాని చక్రము.

ఇట్లు చూచినచో మూడు ప్రశ్నలు తమంతట వచ్చును. ఎద్దునకు బలమున్నదా? తోడిన వేడిని పాఱబోయుటకు చోటున్నదా? తోడిన తరువాత వేడి మరల లోనికి ఊరకుండునా? పాతకారులలో మొదటి రెండింటికన్న మూడవదానిని ఎవరును తలపెట్టరు. అందుచేత దానినే ముందు చెప్పుదుము.

ఎండలో నిలిపిన మూసిన కారు లోపల వెలుపలికన్న 15, 20 డిగ్రీలు అధికముగా కాగును. పైకప్పు రేకు, ఇంజనుకును మనకును నడుమనున్న ఇనుపగోడ, కాళ్లక్రింది నేల, ఈ మూడును వేడిని లోనికి పంపుచునే యుండును. పాతకారులలో ఈ రేకులక్రింద పరచిన నారపట్టలు చీకిపోయియుండును. తలుపులచుట్టునున్న రబ్బరుపట్టీలు ఎండి పగిలియుండును. క్లచ్చు, బ్రేకు తొక్కుడుకఱ్ఱలు నేలను దాటుచోట వేలు పట్టునంత సందులుండును. ఇట్టి బండికి ఏసీ పెట్టుట చిల్లికుండలో నీరు పోయుటయే. కావున పైకప్పు లోపల, ఇంజనుగోడపై, నేలపై వేడినాపు పరుపు పఱపించి, తలుపుల రబ్బరులు మార్పించి, సందులు పూడ్పించి, పైకప్పునకు తెల్లరంగు వేయింపుడు. ఏసీ ఖర్చుతో పోల్చిన ఈ ఖర్చు స్వల్పము. ఇంతవఱకు చేయించి యొక వేసవి నడిపి చూచినచో, కొందఱికి ఏసీయే అక్కరలేదని తోచినను తోపవచ్చును. అట్లు తోచినవారు మిగిలిన భాగము చదువకున్నను నష్టము లేదు, విషవాయువునుగూర్చి వ్రాసినది తప్ప.

గుడ్డకప్పు జీపులున్న సభ్యులకు ఈ సందర్భముననే ఒక మాట. మహీంద్రావారు 1940ల కడపటినుండి విల్లీసు నమూనాలో కూర్చి అమ్మిన జీపులు మన పల్లెలలో ఇంకను కొన్ని తిరుగుచున్నవి. వానికి తలుపులే సరిగా నుండవు. ఇనుపకప్పు, అద్దపు తలుపులు కట్టించినగాని ఏసీ మాట తలపెట్టరాదు. అట్టి బండికి తడిగాలి పద్ధతి మేలు. పూర్వము హైదరాబాదు పెద్దయిండ్లలో కిటికీలకు వట్టివేళ్ల తడికలు కట్టి నీరు చల్లుచుండిరి. అదే సూత్రముతో అమెరికాలోని ఎడారి ప్రాంతములవారు 1930ల తరువాత కారు కిటికీకి నీటిడబ్బా వంటి గొట్టము నొకదానిని వ్రేలగట్టి ప్రయాణము చేసెడివారు. బండి నడచుచుండగా గాలి ఆ గొట్టములోని తడిపీచు గుండ దూరి చల్లనై లోనికి వచ్చెడిది. మన వేసవిగాలి పొడిగాలి. 40 డిగ్రీల ఎండలో గాలితేమ నూటికి 25 పాళ్లున్నపుడు తడిపీచు గుండ వచ్చిన గాలి 27, 28 డిగ్రీలవఱకు దిగవచ్చును. సముద్రతీరపు జిల్లాలవారికి ఈ భాగ్యము లేదు. వానకాలమున మనకును ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు దాని అవసరమును అంతగా నుండదు.

ఇక ఎద్దుబలము మాట. అంబాసిడరు కారును హిందుస్తాన్ మోటార్సువారు వంగదేశములోని ఉత్తరపారాలో 1950ల చివరినుండి 2014 మే నెలవఱకు తయారుచేసిరి. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు దీనికి మాతృక. బహుకాలము దానిలోనుండినది 1489 ఘనపు సెంటీమీటర్ల ఇంజను. పెట్రోలుబండికి 50, డీజిలుబండికి 37 గుఱ్ఱముల ప్రాంతపు బలము. ఇది క్రొత్తదిగా నున్నపుడు, పూర్తివేగమున త్రిప్పినపుడు వచ్చు బలము. ఏసీ కంప్రెసరు 3 మొదలు 5 గుఱ్ఱముల బలమును తీసికొనును. దారిలో 60 కిలోమీటర్ల వేగమున పోవునపుడు ఈ తీసివేత అంతగా తెలియదు. ఎత్తు ఎక్కునపుడు, నలుగురు పెద్దలును వెనుక బియ్యపు మూటలును ఉన్నపుడు తెలియును. నారాయణపేట చౌరస్తాలో బండ్లరద్దీలో నిలిచి ఇంజను మందముగా తిరుగుచుండగా మఱింత తెలియును. అప్పుడు ఇంజను వణకుచు ఆగిపోవుటయు కలదు. ఏసీ వేసినపుడు ఇంజనును కొంచెము వేగముగా త్రిప్పు చిన్న సాధనమును తప్పక పెట్టింపవలెను. పలువురు మిస్త్రీలు అడుగనిదే దానిని పెట్టరు. 1990లలో వచ్చిన ఇసుజు ఇంజను అంబాసిడరులు ఈ విషయమున బలిష్ఠములు. వానికి ఏసీ అమర్చుట సులువు. కొన్ని కర్మాగారమునుండియే ఏసీతో వచ్చెను.

ఇంధనము సంగతి దాచరాదు. ఏసీ వేసిన ప్రయాణములో పదింట ఒకపాలు, ఎండ తీవ్రముగా నుండి రద్దీలో ఆగియాగి పోవునపుడు అంతకు మించియు చమురు ఎక్కువ కాలును. అరిగిన పిస్టనులతో నల్లపొగ గ్రక్కుచు, కిలోమీటరు కిలోమీటరునకు నూనె త్రాగుచున్న ఇంజనునకు ముందు మరమ్మతు చేయించి, ఏసీ మాట తరువాతి వేసవికి వాయిదా వేయుట యుక్తము. సిలిండరుల ఒత్తిడిని కొలిచిచూచుటకు మంచి మిస్త్రీకి అర్ధగంట చాలును. ఆ కొలత చూపింపక "అన్నియు బాగుగనే యున్నవి" అనువాని మాట నమ్మవలదు.

రెండవది వేడి పాఱబోయుచోటు. కండెన్సరు రేడియేటరునకు ముందు నిలుచును. కావున అంతవఱకు 42 డిగ్రీల గాలిని పీల్చుచుండిన రేడియేటరునకు ఇకమీదట కండెన్సరును దాటివచ్చిన 50 డిగ్రీల గాలి దక్కును. వాని ఎంగిలి వీనికన్నమాట! పాతకారు కాగిపోవుటకు ఇదియే ముఖ్యకారణము. మన ప్రాంతమున దీనికి మఱియొక కారణమును తోడగుచున్నది. మహబూబునగరము, నల్లగొండ ప్రాంతముల బోరునీరు పెక్కుచోట్ల కఠినజలము. వంటపాత్రల అడుగున తెల్లని సున్నపుపొర కట్టునట్లే రేడియేటరు సన్నగొట్టములలోను అది కట్టును. ఇరువదియేండ్లు బోరునీరు పోసిన రేడియేటరులో సగము గొట్టములు మూసికొనియుండుటలో వింతయేమి? ఏసీకి పూర్వము రేడియేటరును విప్పించి కడిగించి, అవసరమైనచో లోపలి కోరు మార్పించి, నీటిపంపును, బెల్టును, థర్మోస్టాటును చూపింపవలెను. తరువాత బోరునీరు పోయక, బ్యాటరీలకు పోయు శుద్ధజలముతో కూలెంటు ద్రవము కలిపి పోయవలెను. ఫ్యానుచుట్టు రేకుతొడుగు లేని బండికి తొడుగు చేయించుటయు, కండెన్సరు ముందు ఒక విద్యుత్ఫ్యాను పెట్టించుటయు అవసరము. నిలిచియున్న బండిలో గాలి తనంతట దూరదు గదా.

విద్యుత్తు లెక్క సభ్యులు తామే కాగితముపై వేసికొనవచ్చును. పాత అంబాసిడరువంటి బండ్లలోని డైనమో ఎంత గట్టిగా తిరిగినను 22 ఆంపియర్ల ప్రాంతమే ఇచ్చును; మందముగా తిరుగునపుడు దాదాపు ఏమియు ఇయ్యదు. పెద్దదీపములకు 8, ఇంజను మండింపునకు 3 లేక 4, ఏసీ గాలిఫ్యానునకు 10, కంప్రెసరు క్లచ్చునకు 4, కండెన్సరు ఫ్యానునకు 8. కూడిన 33 దాటినది. రాత్రివేళ దవాఖానకు బయలుదేరిన బండి బ్యాటరీ తెల్లవాఱకమునుపే చచ్చుటకు ఇంతకన్న వేఱు కారణము వలదు. డైనమోకు మారుగా 55 ఆంపియర్ల ఆల్టర్నేటరు వేయించుట తప్పనిసరి. ఇచట ఒక జాగ్రత్త కలదు. తొలినాటి బ్రిటిషు తరహా బండ్లు కొన్నింటిలో బ్యాటరీ ధనధ్రువమును చట్రమునకు కలిపియుండిరి. నేటి ఆల్టర్నేటరునకు ఋణధ్రువము చట్రమునకు కలియవలెను. చూడక కలిపినచో క్రొత్త ఆల్టర్నేటరు క్షణములో కాలిపోవును. మిక్కిలి పాతజీపులు కొన్ని 6 వోల్టులవి. వానిని మొదట 12 వోల్టులకు మార్చినగాని ఈ పని సాగదు.

ఈ చిక్కులన్నియు మన పాతకారులకే వచ్చినవని తలపరాదు. ప్రపంచమున కారులో ఏసీని మొదట అమ్మకమునకు పెట్టినవారు అమెరికాలోని ప్యాకార్డు కంపెనీవారు, 1939లో. దాని చల్లపెట్టె వెనుక సామానుపెట్టెలో సగమును ఆక్రమించెడిది. కంప్రెసరునకు క్లచ్చు లేకుండుటచే చలి చాలునన్నపుడు ఇంజనును ఆపి, దిగి, బెల్టును ఊడదీయవలసివచ్చెడిది. 1941 తరువాత వారే దానిని మానుకొనిరి. 1950లలో టెక్సాసు రాష్ట్రమువారు, వారిదియు వేడిదేశమే, అమ్ముడైపోయిన కారులకు ముందు పలకక్రింద వ్రేలాడు చల్లపెట్టెలను బిగించు కార్ఖానాలను డల్లాసు, ఫోర్ట్‌వర్త్ నగరములలో నెలకొల్పిరి. నేడు మన ఆటోనగరులలో పాతకారులకు బిగించునది ఆ జాతి పెట్టెయే. ఏసీ విలాసమను మాటయు పాతబడినది. 2025 అక్టోబరు 1 మొదలుకొని తయారగు పెద్ద లారీలలో డ్రైవరు గదికి ఏసీ ఉండవలెనని కేంద్రప్రభుత్వమువారు 2023లో ఉత్తరువు చేసిరి. డ్రైవరు దేహమును దేహమే గదా. ముసలితల్లిని చల్లగా దవాఖానకు చేర్చవలెనని కోరు రైతును చూచి నవ్వువారు ఈ ఉత్తరువును చదువవలెను.

అయినను సొమ్ము ఎచటినుండి వచ్చునో మేము అడుగక తప్పదు. పంటకై తీసికొన్న అప్పును దీనికి మళ్లింపరాదు. విత్తనములకును ఎరువులకును ఇచ్చిన పైకము ఫలించి తన్ను తాను తీర్చుకొనును. ఏసీ ఒక్క గింజనైన పండింపదు. పంట అమ్మిన పిదప చేత మిగిలినదానితో చేయించుకొనిన ఎవరికిని ఆక్షేపము లేదు. ధరలు ఊరికొకరీతిగను కార్ఖానాకొకరీతిగను ఉన్నవి గావున ఇచట వ్రాయుట లేదు. ఒకేవిధమైన కారులున్న ముగ్గురు నలుగురు సభ్యులు కలిసి ఒకే మిస్త్రీయొద్దకు పోయి, ఒకే బేరము మాటాడి, మొదటి బండి ఒక నెల నడిచిన తరువాత రెండవదానిని చేయునట్లు ఒప్పించుకొనుట మంచిది. బేరమాడుటలోను సహకారము పనికివచ్చును.

మిస్త్రీయొద్ద కనిపెట్టవలసినవి కొన్ని కలవు. కంప్రెసరు పాతదైనను చెల్లును; చెడిన మారుతీకారులనుండి విప్పినవి పలువురు వాడుచున్నారు, బాగుగ పరీక్షించినచో దోషము లేదు. కాని తేమను పీల్చు డ్రయరు డబ్బాను మాత్రము పాతదానిని ఎంత చవుకగా ఇచ్చినను తీసికొనరాదు. దాని లోపలి మందు ఒకసారి గాలి సోకినచో తేమతో నిండి నిరర్థకమగును. గొట్టములు ఆర్-134ఏ కొఱకు లోపొర వేసి చేసినవై యుండవలెను. పాతకాలపు వట్టి రబ్బరుగొట్టములనుండి ఆ గ్యాసు కొంచెము కొంచెముగా చెమర్చి పోవును. కంప్రెసరును నిలుపు ఇనుపకమ్మి గట్టిదై, దాని చక్రము ఇంజను చక్రముతో ఒకే గీతలో నుండవలెను. దారము పట్టి చూచిన వంకర తెలియును. వంకరగానున్న బెల్టు నెలకొకటి తెగును. కమ్మి బలహీనమైనచో వణకివణకి ఇంజను బోల్టులనే విఱుచును.

గ్యాసు నింపకమునుపు పంపుతో గొట్టములలోని గాలిని పూర్తిగా లాగివేయవలెను. అర్ధగంటకు తక్కువగాక లాగిన తరువాత పంపును ఆపి మీటరు ముల్లును చూడుడు. ముల్లు కదలక నిలిచినచో కారుట లేదని అర్థము. మెల్లగా వెనుకకు వచ్చినచో ఎచటనో గాలి దూరుచున్నది. ఇట్లు లాగుటవలన లోపలి తేమయు ఆవిరియై పోవును. తేమ మిగిలినచో సన్నరంధ్రమున మంచై అడ్డుపడును, గ్యాసుతో కలిసి ఆమ్లమై లోహమును తినును. "గ్యాసు ఎక్కించి చూతము, కారినచో మరల చూతము" అను మిస్త్రీయొద్దనుండి బండిని తెచ్చుకొనుడు. గ్యాసును తూకముతో నింపవలెను. చిన్నకారులకు 500 మొదలు 700 గ్రాములు పట్టును. ఎక్కువ నింపిన ఎక్కువ చల్లగానుండునను నమ్మకము తప్పు. ఎక్కువైనచో ఒత్తిడి పెరిగి చల్లదనము తగ్గును, కంప్రెసరు చెడును.

ఇదివఱకే ఏసీ యున్న 1990ల నాటి కొన్ని బండ్లలో ఆర్-12 అను పాతగ్యాసు ఉండెడిది. ఆకాశమున సూర్యుని తీక్ష్ణకిరణములను అడ్డగించు ఓజోను పొరను అది తినుచున్నదని తెలిసి 1987లో మాంట్రియలు నగరమున దేశములు ఒడంబడిక చేసికొనెను. భారతదేశము 1992లో అందు చేరినది. ఆ జాతి గ్యాసుల వాడుక 2010 నాటికి ఇచట ఆగెను. అట్టి బండికి ఆర్-134ఏ వేయునపుడు పాత ఖనిజతైలమును పూర్తిగా తీసి, క్రొత్త గ్యాసునకు తగిన తైలమును పోయవలెను. ఈ క్రొత్త గ్యాసు ఓజోనును చెఱుపకున్నను, గాలిలో విడిచినచో బొగ్గుపులుసు వాయువుకన్న 1430 రెట్లు భూమిని వేడెక్కించును. అందువలన దీనిని కూడ క్రమముగా తగ్గించుటకు 2016లో కిగాలిలో ఒడంబడిక కుదిరెను. మన దేశము 2021లో ఆమోదించెను. మరమ్మతునకు ముందు గ్యాసును గాలిలోనికి వదలక డబ్బాలోనికి పట్టు యంత్రమున్న కార్ఖానాను ఎన్నుకొనుడు. వానల రాక ఒక్కొక్కయేడు ఒక్కొక్కరీతిగా నుండుటను చూచుచున్న రైతునకు ఇది పరాయిసంగతి కాదు.

చవుక గ్యాసునుగూర్చి గట్టిగా చెప్పవలసియున్నది. కొందఱు వంటగ్యాసు వంటిదానినే ఏసీలో నింపుదురు. అది చల్లగనే యుండును. అందుకే నమ్మి మోసపోవుదురు. కాని చల్లపెట్టె ఉండునది కారు లోపల. అచట చిన్న చిల్లి పడినచో మూసిన కారంతయు మండెడి గ్యాసుతో నిండును. తరువాత బీడీ ముట్టించినను, ఒక స్విచ్చి మిడిసినను చాలును. డబ్బామీద పేరు చూచి, ముద్ర విప్పని డబ్బానుండియే మీ కన్నులయెదుట నింపింపుడు.

అంతకన్న ఘోరమైనది కంటికి కనబడని విషవాయువు. ఇంజను పొగలో కార్బను మోనాక్సైడు అను వాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అద్దములు దించి నడిపినంతకాలము పాతకారులో పొగగొట్టమునకు చిల్లియున్నను, నేలరేకు తుప్పుపట్టి రంధ్రములు పడినను గాలి దానిని కొట్టివేయుచుండెను. ఏసీ పెట్టించి అద్దములెత్తిన దినమునుండి ఆ రక్ష పోయినది. నేలలోని రంధ్రము గుండ వచ్చిన వాయువును ఏసీ ఫ్యాను లోపలనే త్రిప్పుచుండును. మొదట తలనొప్పి, వికారము, మగత. చల్లగానున్నదని సుఖముగా నిద్రించుచున్నారని ఇతరులు తలంతురు. అటుపై మేల్కొనరు. ఇంజను నడుచుచుండ, ఏసీ వేసికొని, నిలిపిన కారులో నిద్రించి మరణించినవారిని గూర్చి పత్రికలలో చదువుచునే యున్నాము. కావున ఏసీకి ముందే పొగగొట్టమును మొదటినుండి కొసవఱకు చూపించి, చిల్లులు పడిన భాగములను మార్పించి, నేలరంధ్రములకు రేకు వెల్డింగు చేయింపవలెను. దూరప్రయాణమున నడుమ నడుమ బయటిగాలి లోనికి వచ్చునట్లు చేయవలెను. నిలిపిన కారులో, అందును ఇంటిముంగిటి మూసిన షెడ్డులో, ఏసీ వేసికొని ఎవరిని నిద్రింపనీయరాదు. తలనొప్పి తోచినచో ముందు అద్దములు దింపుడు, తరువాత కారణము వెదకుడు. పిల్లలను కారులో వదలి దిగిపోవుట ఏసీ యున్నను లేకున్నను తగదు.

పత్రముల సంగతి కొంచెము. సొంతకారుల రిజిస్ట్రేషను 15 ఏండ్లు గడచిన పిదప అయిదేండ్లకొకసారి పునరుద్ధరింపబడవలెను గదా. ఏసీ అమరికలో చట్రమును కోయుట గాని ఇంజనును మార్చుట గాని జరిగినచో పుస్తకములోని వివరములు తప్పిపోవును. అనుమతి లేక అట్టి మార్పు చేయుట మోటారుచట్టమునకు విరుద్ధము. 50 ఏండ్లు దాటిన బండ్లకు 2021 జులైలో కేంద్రమువారు వింటేజి రిజిస్ట్రేషను ఏర్పఱచిరి. చట్రము, పైతొడుగు, ఇంజను మూలరూపమున ఉండినగాని అది దొరకదు. ఆ రిజిస్ట్రేషను పొందిన బండిని నిత్యపు పనులకు రోడ్డుపై త్రిప్పరాదు గావున రైతునకు దానివలన ప్రయోజనము స్వల్పమే. అయినను అట్టి కోరికయున్నవారు రేకులకు క్రొత్త రంధ్రములు పొడిపింపక, ఉన్న బోల్టులకే కమ్మిని బిగింపించి, తీసిన డైనమోను, కమ్ములను గోనెసంచిలో దాచియుంచుకొనవలెను. ఎప్పుడైనను తిరిగి పెట్టుకొనవచ్చును. ఏసీ బిల్లును ఇన్సూరెన్సు కంపెనీకి చూపి పాలిసీలో వ్రాయించుకొననిచో, ప్రమాదమున ఏసీ పోయినపుడు పరిహారము రాదు.

అమర్చిన తరువాతి పోషణ కష్టము కాదు. మన దారులలో దుమ్ము మెండు. ప్రత్తి దూదియు కందిపొట్టును కండెన్సరు జాలెలలో చిక్కుకొనును. నెలకొకసారి నీటిని మెల్లగా చల్లి కడుగవలెను. గట్టిధారతో కొట్టినచో పలుచని రేకులు వంగిపోవును. ఎండలో నిలిపిన కారెక్కగనే ఏసీ వేయక, ముందు అద్దములు దించి రెండు మూడు నిమిషములు నడిపి కాగినగాలిని పోనిచ్చినచో యంత్రమునకు శ్రమ తగ్గును. ఎత్తు ఎక్కునపుడు ఉష్ణమాపకపు ముల్లు పైకి పోవుచున్నచో ఏసీని ఆపుడు, ఇంజనును బ్రతికించుకొనుడు. చలికాలములో ఏసీతో పని లేదని నాలుగైదు నెలలు ముట్టకుండుటయు పొరపాటే. కంప్రెసరు సీళ్లను తడిగానుంచు తైలము గ్యాసుతోగాని కదలదు. కావున సంక్రాంతి చలిలోనైనను వారమునకొకసారి పది నిమిషములు దానిని నడుపవలెను.